గొడుగు కొక్కెం

పోర్తోలో, మందుల షాపు పక్కగోడకి
భుజమెత్తున ఒక రాతి చెవి.
ముఖం లేదు. రెండో చెవీ లేదు.
చుట్టూ మామూలు బూడిదరంగు రాళ్లు, వాననాచు.

ట్రాము ఆగినప్పుడల్లా అందరూ చూస్తారు.
అంటే, అటువైపు తల తిప్పుతారు. అంతే.

ఒక ప్రొఫెసరు కాగితం ఆనించి బొగ్గు రుద్దుకుని
కూలిన మఠంలోంచి తెచ్చి అతికిన రాయన్నాడు.
చెక్కినవాడి సంతకం అంది వెంట వచ్చిన అమ్మాయి.
తలకిందులుగా పెట్టిన గవ్వ కూడా కావచ్చట.

చెస్ట్‌నట్లు కాల్చి అమ్మే దెయొలిందా
పొట్లం చుడుతూ వాళ్ల మాట అయ్యేదాకా ఆగి
"కాస్త జరగండి" అని
గొడుగు తెచ్చి చెవికి తగిలించింది.
కొలతిచ్చి చేయించుకున్నట్టు పట్టింది.

దగ్గరికెళ్లి చూశాను.
వంపు అడుగున రాయి అరిగి నున్నబడింది,
వేలు పట్టేంత లోతు.
గొడుగుకి పదకొండేళ్లే అంటుంది ఆవిడ.
పదకొండేళ్లకి రాయి ఇంత అరగదు.

మరి ఎవరెవరు ఏం తగిలించారో!
పగ్గమో, లాంతరో, తడిసిన కోటో,
"ఇప్పుడే వస్తా, చూస్తుండు" అన్న మాటో.

వాన వెలిసింది. ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.
నేను అటూ ఇటూ చూసి
నా సంచీ తగిలించాను.
రెండు ట్రాములు వెళ్లిపోయాయి.