మాట కాకి

ఏప్రిల్ మొదటివారం. గుంటూరు యార్డులో తేజ ఘాటు
గేటు దాటి టీకొట్టు దాకా వచ్చి నిలబడింది.
సురబయ నుంచి సరుకు చూడటానికి వచ్చిన హెంద్రా
తాలుకాయల టిక్కీ మీంచి జారి
కాలు పట్టుకుని కూలబడ్డాడు:
"మాత కాకి! మాత కాకి!"

అందరం తలెత్తి రేకుల వైపు చూశాం.
ఉంది నిజంగానే ఒకటి, ముక్కు రుద్దుకుంటూ.
"కాకి మాటాడితే చుట్టం రావాలి గదా,"
అన్నాడు హమాలీ జక్రయ్య,
"వచ్చినోడే పడ్డాడు, ఇంకెవరొస్తారు?"

తొడిమలు తీసే మస్తాన్‌బీ ఒక్కతే పైకి చూడలేదు.
చీలమండ ఉబ్బటం చూసింది.
ఎవరిదో సున్నం డబ్బీ లాక్కుని పసుపు కలిపి,
మిరప చేతులు తగలకుండా
తమలపాకుతో పట్టు వేసింది.

సాయంత్రం చిట్టా వెనక అట్ట మీద
హెంద్రా బొమ్మలు గీశాడు నాకు.
కాకి అంటే కాలట.
మాత అంటే కన్నట.
చీలమండ కాలికి కన్ను.
సూర్యుడు పగటికి కన్ను.
చెలమలో ఊట, నీళ్ళకి కన్ను.
కత్తి పదును కూడా కన్నేనట,
అది కోసే ముందు చూస్తుందేమో.
వేగులవాడికి మాత్రం జంటగా: మాత మాత.

"ఆయిర్ మాత" అని చెంప మీద గీత గీసుకున్నాడు.
దానికి బొమ్మ అక్కర్లేకపోయింది.
మా యార్డులో ఆ నీళ్ళు రానివాళ్ళు లేరు.

నా వంతు వచ్చింది. మా మాట గురించి చెప్పాను.
ఇస్తాం, తప్పుతాం, పడతాం, జారతాం,
ఒక్కోసారి మింగేస్తాం.
"అయితే దాని బరువెంత?" అన్నాడు.
ముప్ఫయ్యేళ్ళ గుమాస్తాని,
కాటా దగ్గర జవాబు లేక నిలబడ్డ రోజు అదొక్కటే.

మస్తాన్‌బీ చాట దులుపుతూ అంది,
"అరబీలో మాత అంటే చచ్చిపోయాడని."
చిన్నప్పుడు రెండేళ్ళు మదర్సాలో కూర్చుంది.
ఆమె పెనిమిటి కిందటి కార్తెల్లో పోయాడని
నాకు తెలుసు, హెంద్రాకి తెలీదు.
తెలీకుండానే, "మా వైపు చావు అంటే మాతి" అన్నాడు.

కుర్రతనంలో ఓడల మీద వంట చేశాడట,
గ్రీకు రేవులో మాతి అంటే కన్నని విని
మనవాళ్ళే అనుకున్నాడట.
కాదని చదువుకున్నాయన ఎవరో చెప్పాడు.
మొహాలు కలిశాయి, ఇంటిపేర్లు వేరు.

అరబీ చావుకీ వాళ్ళ చావుకీ కూడా అంతేనట.

బ్యాడిగ కాయలు తెచ్చే హావేరి డ్రైవరు
"మాతు" అంటాడు.
వాడొక్కడే మాకు నిజం చుట్టం.
మాటా మాతూ ఒక కడుపున పుట్టాయనీ,
ఆ కడుపు పేరు 'మారు' అనీ
మా తెలుగు మేష్టారు చెప్పేవారు.
మారుమాట చెప్పొద్దని నన్ను బెంచీ ఎక్కించిన మనిషే.
మారేదాని బిడ్డ మారకుండా ఎలా నిలబడుతుందని
అడగాలనిపించింది నాకు, అప్పుడే, బెంచీ మీద.

శుక్రవారం రేటు పడింది,
క్వింటా మీద పదకొండు వందలు.
హెంద్రా నోటిమాట మీద
రెండువందల నలభై టిక్కీలు అప్పటికే కాటా అయ్యాయి.
చీటీ లేదు. సంతకం లేదు.
"పో, మాట అడుగు," అన్నాడు షావుకారు.

అరండల్‌పేట లాడ్జిలో మూడో అంతస్తు.
దిండు మీద కాలు,
కాలి మీద ఎండి రాలుతున్న పసుపు.
"మాట?" అన్నాను.
ట గట్టిగానే ఒత్తాను.

అతను కాసేపు నా వైపు చూశాడు.
తర్వాత కళ్ళద్దాలు తీసి మంచం మీద పెట్టి
ఇంకాసేపు చూశాడు.

యార్డుకి తిరిగొచ్చి చిట్టా తెరిచాను.
ఏం రాయాలో తెలియలేదు.
జమ వైపు రెండు సున్నాలు చుట్టి
లోపల చెరొక చుక్క పెట్టాను.

షావుకారు అడిగితే
సున్నాలనే చెబుతాను.