వానాకాలం తలుపు

శ్రావణం వచ్చిందంటే రాజోలులో
చెక్కకి కూడా ఒళ్ళొస్తుంది.
నా స్నానాలగది తలుపు
ముప్పావు వంతు వచ్చి
ఇక రానని మొరాయించింది.

వడ్రంగి బ్రహ్మాజీ "రేపొస్తానమ్మా" అన్నాడు.
పదకొండు రేపులు లెక్కపెట్టాను.
బస్సులో చిల్లర బాకీలాగే, అవీ తేలలేదు.
ఆ పదకొండు రోజులూ
తలుపుకి బకెట్టు అడ్డం పెట్టి
గొంతెత్తి పాడుతూ స్నానం చేశాను,
లోపల మనిషుందని వాటా వాళ్ళకి తెలియాలి కదా.

పన్నెండో రోజు డ్యూటీ దిగి
ఖాకీ చొక్కాతోనే వెళ్ళాను,
లాకుల దగ్గర పళ్ళాలమ్మగారి హార్డ్‌వేరు కొట్టుకి.
అద్దాల బీరువాలో ఎర్రపెట్టె,
నలభై రెండు పనిముట్లు,
ఒక్కోదానికి ఒక్కో గూడు, ఒక్కటీ కదలదు.
"అదివ్వండి" అన్నాను.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
"ఏం పనుంది దాంతో?" అంది ఆవిడ.
చెప్పాను.
"ఆయ్! పాడైంది ఒక్క తలుపు.
మిగతావన్నీ ఏం చేస్తాయి కండక్టరమ్మా,
ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టడం తప్ప?"

మూడు సుత్తులు తెచ్చి బల్లమీద పెట్టింది.
పెద్దదాన్ని ఎత్తితే
నా మణికట్టు దాని వెంటే పోయింది.
చిన్నది పిల్లలాట.
నడిమిది, తుమ్మకర్ర పిడిది,
తన బరువెంతో అరచేతికి మెల్లగా చెప్పింది.
"పిడి చివర పట్టుకో.
మెడ దగ్గర పట్టుకుంటే
కోడిని పట్టుకున్నట్టుంటుంది, దెబ్బ పడదు."

కటింగ్ ప్లేయరు నోరు మూసి
ట్యూబులైటుకి ఎదురుగా పట్టింది.
"సందులోంచి వెలుతురు కనపడితే
ఎంత తక్కువకిచ్చినా కొనకు."
టేపు మూడు మీటర్లదే ఇచ్చింది.
ఐదు మీటర్లది అడిగితే
"అంత పొడుగు గదుందా నీకు?"
లేదు.
స్క్రూడ్రైవరు ఒకటే, పుల్ల తిరగేస్తే
ఒక కొస ప్లస్సు, ఒక కొస మైనస్సు.
టెస్టరు మాత్రం రెండుసార్లు చెప్పి ఇచ్చింది:
"కరెంటుందో లేదో చూడ్డానికే ఇది.
ఉంటే చెయ్యి వెనక్కి తీసి
తెలిసినవాణ్ణి పిలు."

చిత్రిక కూడా అడిగాను,
తలుపు అంచు కాస్త చెక్కుదామని.
ఇవ్వలేదు.
"వానల్లో చెక్కిన తలుపు
కాలవలు కట్టేసే రోజులకి సందిస్తుంది.
ముందా సందులోంచి పిల్లొస్తుంది,
దాని వెనకే మీ ఇంటి ఓనరొస్తాడు.
మడతబందులు చూసుకో ముందు."
ఆరువందల డెబ్బై తీసుకుని
చిల్లరిస్తూ అడిగింది,
"ఇంట్లో అగ్గిపెట్టుందా?"
ఎందుకో చెప్పలేదు.

పై బందు మరలు మూడూ
తిప్పితే తిరుగుతున్నాయి, పట్టులేదు,
మా డిపోలో కుళాయిలాగా.
స్టూలు మీద నిలబడి, చెమటలో,
అప్పుడు వెలిగింది నాకు.
అగ్గిపుల్లల తలలు తుంచి
రెండేసి చొప్పున ఆ బొక్కల్లో కుక్కి
జిగురు పోసి
గంటసేపు ఆగమని నాకు నేనే చెప్పుకుని
అరగంటకే మర బిగించాను.
కరకరమంది లోపల,
చెరుకు కొరికినట్టు.
చెక్కని చెక్క పట్టుకున్న చప్పుడు.
మూడో మర వంకరగా దిగింది.
దిగనీ.

తలుపు వరిగింజంత పైకి లేచింది.
అంతే కావాల్సింది.
గడియ తనంతట తనే వెళ్ళి గూట్లో పడింది.

ఆ రాత్రి వాన దంచుతుంటే
బకెట్టులో నీళ్ళు నింపుకుని, అవును, నీళ్ళే,
నిమ్మళంగా స్నానం చేశాను.
పక్కవాటా కుర్రాడు గోడవతల నుంచి
"ఆంటీ, ఇవాళ పాట లేదా?" అన్నాడు.

కొబ్బరినూనె గుడ్డతో అన్నీ తుడిచి
పాత హార్లిక్సు డబ్బాలో నిలబెట్టాను.
సుత్తి పట్టలేదు, బయటే ఉంది.
దానికింకా పని తగల్లేదు.
రెండు రోజులుగా
గోడలకేసి అదోలా చూస్తున్నాను.