లక్ష్మీపురం గోదాము

నాలుగు పూతలు తెల్లరంగు వేసిండ్రు.
తేజ మిర్చి ఘాటు పోలేదు.

పట్నం నుంచి వచ్చినాయన
నీలిబొమ్మ ముందు నిలబడి మూడుసార్లు తుమ్మి,
కళ్లు తుడుచుకుంట
కళ గొప్పదనుకున్నడు.
తలుపుకాడ స్టూలు మీద
ఓదెమ్మ కొంగు అడ్డంపెట్టుకొని నవ్వింది.

ఇరవై ఏండ్లు ఇక్కడనే తొడిమలు తుంచిన వేళ్లు ఆమెవి,
రాత్రి చంటిదాని మొహం ముట్టనియ్యని మంట.
ఇప్పుడా వేళ్ల కొలువు
'ముట్టద్దు' అని చూపెట్టుడు.

మొన్నటి వానకు మూలన పెచ్చూడింది.
కింద బొగ్గుగీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం,
మళ్ల నాలుగు.

"ఇది ఎవరి పని?" కాలేజీ పిల్ల అడిగింది,
కాయితంల పేరు దొరకక.

ఓదెమ్మ లేచి, గోడకాడికి పోయి
నిమ్మళంగా లెక్కపెట్టింది.
"రెండు బస్తాలు తక్కువ గీసిండు గుమాస్తా"
అన్నది.
అప్పుడు గూడ అన్నది.