మరియు గ్రామస్తులు

కోటిపల్లి రేవులో పంటు దిగేటప్పుడు
ఎవరో ఒకరు ఇప్పటికీ చూపిస్తారు,
"డిటెక్టివు జారిపడ్డ మెట్టు ఇదేనండి."
దాని అసలు పేరు ఎవరికీ పట్టదు,
మా వైపు అది "మన సినిమా".

గళ్ళ కోటు, భూతద్దం, చంకలో గొడుగు.
మేడలో కోడలి కాసులపేరు పోయింది.
డిటెక్టివు ముందుగా పట్టుకునేది పడవవాణ్ణి.
ఎందుకని హాల్లో ఎవరూ అడగరు.
మోకాళ్ళ పైకి లుంగీ, చేతిలో గెడ, ఆ నలుపు,
ఆ మాత్రం సాక్ష్యం చాలు.

పడవవాడు మా ఏసుపాదం మావయ్య.
చెంపదెబ్బ ఒక్కటే, టేకులు నాలుగు.
మొదటి మూడింట్లో తలెత్తి చూశాడంట.
"చూడకూడదయ్యా, వణకాలి" అన్నాడంట డైరెక్టరు.
చలిజ్వరాన్ని గుర్తు చేసుకుని
నాలుగోసారి వణికాడు.
ఏడు రూపాయలు, అరటాకులో పులిహోర.
పంక్తి మాత్రం వేరే.

రామచంద్రపురంలో నేల టిక్కెట్టు మాది.
దెబ్బ పడగానే హాలంతా ఈలలు.
నేనూ వేశాను.
పక్కన మావయ్య కూడా, రెండు వేళ్ళు నోట్లో పెట్టి.
అదొక్కటీ నాకు అరగలేదు.

మొన్న మనవరాలు ఫోన్లో చూస్తూ
ఒకచోట ఠక్కున ఆపింది.
డిటెక్టివు ఇనప్పెట్టె తెరిచే సీను.
కాగితాలు తీసి, ముక్కుతో చదువుతాడు:
పాలేరు గంగులు, లంకలో నాలుగెకరాలు.
వంటమనిషి సూరమ్మ, ఆరు.
కుక్క టైగరు, రెండున్నర.
హాలు అప్పట్లో పడి పడి నవ్వింది.
కాగితాలు గాల్లోకి ఎగరేస్తాడు,
అడుగున కాసులపేరు తళుక్కుమంటుంది.
బ్యాండు.

"ఆ భూములు ఎవరివి తాతా?"
నలభై ఏళ్ళు నవ్వాను గానీ
ఆ ముక్క నాకు తట్టలేదు.
భూపరిమితి చట్టం వచ్చిన కొత్త.
మా ఊళ్ళో ఎవరి వేలిముద్రలు
ఎవరి పెట్టెలో నిద్రపోతున్నాయో
ఆ రాసినవాడికి తెలుసు గాబోలు.
సెన్సారు కత్తెర జోకుల్ని వెతకదని కూడా.
మరి అంత తెలిసినవాడు
ఆ చెంపదెబ్బ ఎందుకు రాశాడో!

సినిమాలో నగ దొరికింది.
లంక సంగతి డిటెక్టివు అడగలేదు.
సగం తర్వాత గోదారే కోసుకుపోయింది.

చివర్లో పేర్లు పైకి జరుగుతుంటే
"మీ మావయ్యేడీ?" అంది పిల్ల.
ఆఖరి వరుస చూపించాను: మరియు గ్రామస్తులు.
"మరియు ఆయన పేరా?"

షూటింగు ఆఖరి సాయంత్రం ఎదురుగాలి.
డిటెక్టివుకి ఈత రాదు.
నడిగోదాట్లో కోటు తడిసి,
మావయ్య మోచెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని
కళ్ళు మూసుకున్నాడంట, అవతలి ఒడ్డుదాకా.
కెమెరా అప్పటికే పెట్టెలో ఉంది.