పరగడుపున

చీటీ మీద మొదటి మందు ఏదైనా కావచ్చు,
చివరి గీత మాత్రం నా చెయ్యే రాసేస్తుంది:
పాంటప్రజోల్ నలభై, పరగడుపున ఒకటి.
మోకాలి నొప్పికీ అదే, జ్వరానికీ అదే,
కుక్క కరిచి వచ్చినవాడికీ అదే.
కూరగాయల సంచిలో
కొసరు వేసిన కరివేపాకు రెబ్బ.

చిత్తూరు పెద్దాసుపత్రి, పదిహేడో నంబరు గది,
పూటకి నూట ఇరవై చీటీలు.
ఎందుకని అడిగే తీరిక వాళ్ళకీ లేదు, నాకూ లేదు.

నిన్న కనకవల్లి వచ్చింది.
గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు కోసే మనిషి,
వేళ్ళ సందుల్లో వదలని పసుపు.
రేషన్ కార్డు కవర్లోంచి తీసింది
ఆరేళ్ళ చీటీలు, తారీకుల వరసన.
"కీళ్ళ మాత్ర ఆపేస్తిరి సామీ, బీపీది మారిస్తిరి.
ఈ గ్యాసు మాత్రని మటుకు ఎవురూ ముట్టుకోలేదు.
ఇది దేనికి?"

తగువు పెట్టుకోవడానికి అడగలేదు. తెలుసుకుందామని.

చీటీలు వెనక్కి తిప్పుకుంటూ పోయాను.
ముగ్గురు డాక్టర్ల రాత, ఒక హౌస్ సర్జన్ వంకర గీతలు,
అందరం ముందువాడి చీటీ చూసి దించుకున్నవాళ్ళమే.
అన్నిటికీ అడుగున, మడత దగ్గర చిరుగుతున్న కాగితం:
మణికట్టు వాపు. నొప్పి మాత్ర. దానికి తోడు ఇది.
పది రోజులు.
రాత నాది.
పదకొండో రోజు "అవే మందులు" అన్న రాతా నాదే.

"ఎన్నింటికి తింటావు?" అడిగాను, ఆరేళ్ళలో మొదటిసారి.
"మాత్ర నాలుగున్నరకి, బస్సుకి ముందర.
సంగటి పదకొండుకి, బెల్లు కొట్టినాక."

అరగంటలో అన్నం పడాలని నాకు తెలుసు,
పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.
ఎప్పుడు మొదలుపెట్టాలో పేజీలకి పేజీలు చదివాను.
ఎప్పుడు ఆపాలో చెప్పిన రోజు
నేను క్లాసుకి పోలేదో, అసలా పాఠమే లేదో.
నా బల్ల మీద పెన్నుల డబ్బా, క్యాలెండరు, గోడ మీద గడియారం,
కంపెనీవాళ్ళు ఇచ్చినవే, అన్నిటి మీదా కడుపు బొమ్మ.

ఆపెయ్యి అన్నాను.
అని నాలుక కరుచుకున్నాను.
ఆరేళ్ళు అణిచిన పులుపు ఒక్కసారిగా ఎగదన్నుతుంది,
మండితే ఇంకో గదికి పోతుంది,
అక్కడ మళ్ళీ నలభై.
ముందు ఇరవైకి దించుదాం, తర్వాత రోజు మార్చి రోజు,
మధ్యలో మంట లేస్తే భయపడకు, నా దగ్గరికే రా.
చెప్పడానికి పదకొండు నిమిషాలు పట్టింది.
రాయడానికైతే నాలుగు సెకన్లు.
బయట ఎవరో తలుపు బాదుతున్నారు.

"నీ కడుపు చల్లగుండ" అని లేచింది కనకవల్లి.
నా సొరుగులో, బీపీ మిషను వెనక,
ఎనిమిదేళ్ళుగా నేను మింగుతున్న పత్తా.
ఎవరు రాశారో గుర్తు లేదు.

తర్వాతి మనిషికి చెవిపోటు.
చెవి చూశాను, చుక్కలు రాశాను.
చెయ్యి దానంతటది కింది గీతకి దిగి
మొదటి అక్షరం వేసేసింది.
కొట్టేశాను. కాగితం మీద సిరా మరక.
అతను చీటీని అటూ ఇటూ తిప్పి చూసి
అనుమానంగా అడిగాడు:
"గ్యాసు మాత్ర రాయలేదే సార్?"