గురువారం తొమ్మిది దాకా

తలుపు దగ్గరే సంతకం పెట్టించుకున్నారు.
గురువారం ఉదయం తొమ్మిది దాకా
చూసింది చూడనట్టు, విన్నది విననట్టు.
పెదవి దాటితే పృథివి దాటుతుందని వాళ్ళ భయం.

విననట్టు ఉండటం నాకెవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.
కుడి చెవి తొమ్మిదో ఏట జ్వరంలో పోయింది.
ఎడమది ఈమధ్య సగం రోజులు సెలవు పెడుతోంది.
ఒక చెవితో విని రెండో చెవితో వదిలేసే సౌకర్యం
నాకు ఎప్పుడూ లేదు.

పోర్తోకి ఎదురుగా, దోరు నది అవతలి ఒడ్డున
పాత ద్రాక్షసారా గిడ్డంగి.
పీపాలు తీసేశారు, వాసన తీసేయలేకపోయారు.
నల్లగుడ్డ పరిచిన బల్లల మీద నంబర్లేసిన పళ్ళేలు,
పళ్ళెంలో ఒక జత కళ్ళద్దాలు.
నాది పదిహేడు.

ముప్ఫైమందిమి. రాసుకుని బతికేవాళ్ళు కొందరు,
బతకడానికి ఇంకేదో చేసి రాత్రిళ్ళు రాసేవాళ్ళం మిగతావాళ్ళం.
బ్రాగా నుంచి వచ్చిన ఫాబ్రీసియో
మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి తన మొహం తనే తీసుకుంటున్నాడు.
ఒడెట్ ఉప్పుచేప ఉండల్ని రుమాల్లో చుట్టి
సంచిలో వేసుకుంటోంది, ప్రతి ఏడూ అంతే, కుక్కకోసమంటుంది.

వేదిక మీదికి తావిరా వచ్చాడు.
తెల్ల బూట్లు, గుబురు గడ్డం.
గడ్డాలంటే నాకు హడల్,
పెదాలు చదువుదామంటే పొదలో పిట్టల్లా దొరకవు.

అద్దాలు పెట్టుకున్నాను.
అతని ఛాతీ ఎత్తున, గాలిలో,
ఆకుపచ్చ అక్షరాలు:
"అందరికీ స్వాగతం. మైకు పనిచేస్తోందా?"

గోడలకు చెవులుంటాయని చిన్నప్పుడే చెప్పారు.
కళ్ళకు చెవులు మొలవడం ఇదే చూడటం.
గొంతులో ఏదో అడ్డుపడింది, ఒప్పుకుంటాను.
ఎటు తల తిప్పితే అటువాళ్ళ మాటలు.
వంటగది గుమ్మంలో వడ్డించే కుర్రాడు:
"ట్రే నిండా పెట్టకు, అయిపోతున్నట్టు కనపడాలి."
కిటికీ దగ్గర ఎవరో ఎవరితోనో:
"మా అమ్మకి చెప్పకు."
దూరంగా, తెర పక్కన,
మెడలో కంపెనీ పట్టీలు వేసుకున్న ఇద్దరు:
"ఆ చెవిటావిణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టు,
ఫోటోల్లో బావుంటుంది. ఏడిస్తే ఇంకా బావుంటుంది."

ఒక్క తప్పు లేదు.
కామా కూడా పడాల్సిన చోటే పడింది.

ఏడవలేదు. నవ్వొచ్చింది.
ఆ నవ్వు మాత్రం అద్దాల్లో పడలేదు,
పెట్టుకున్నవాళ్ళ చప్పుడు రాయదట,
తర్వాత అడిగి తెలుసుకున్నాను.

ఆ పట్టీల అమ్మాయే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.
వెళ్ళాను. కూర్చున్నాను.
ముందు వరస నుంచి బాగానే కనిపిస్తుంది కదా.

ప్రశ్నలడగమన్నప్పుడు చెయ్యెత్తాను.
"ఇది ఎంత దూరం వింటుంది?"
"ఆరు మీటర్లు, మేడమ్."
లేచి, అందరూ చూస్తుండగా,
నా పాత కుర్చీ నుంచి తెర దాకా నడిచాను.
పద్నాలుగు అడుగులు.
"మీరు తక్కువ చేసి చెబుతున్నారు" అన్నాను.
తావిరా మురిసిపోయాడు. చప్పట్లు కొట్టించాడు.
పట్టీల అమ్మాయి ఎర్రబడి నేలచూపులు చూసింది.
ఆమె ఎదుట గాలిలో
ఒక్క అక్షరమూ వెలగలేదు.

పదిహేడో పళ్ళెంలో అద్దాలు పెట్టేసి వచ్చాను.

వంతెన దాటేసరికి చినుకులు.
చెస్ట్‌నట్‌లు కాల్చే ముసలాయనకు
నోటిని కప్పేసిన మీసం.
ధర చెప్పాడు. ఏమిటీ అన్నాను. మళ్ళీ చెప్పాడు.
మళ్ళీ ఏమిటీ అన్నాను.
మసి పట్టిన మూడు వేళ్ళు చూపించాడు.
నిజం చెప్పాలంటే ఆ పొగలో, ఆ మీసం కింద,
ఆకుపచ్చ అక్షరాల కోసం వెతుక్కున్నాను.

గురువారం తొమ్మిదికి రాస్తాను:
పనిచేస్తాయి.
ధర ఎక్కువ, ముక్కు మీద బరువు.
తెర ఎంత దూరమో కూడా రాస్తాను,
అడుగుల్లో.