గంట ముందు

ఆదివారం తొమ్మిదికి
ఇప్పుడు నేనే తీస్తున్నాను ఆడ్లింగ్ గారూ,
గ్రిమ్స్‌బీలో, ఫ్రీమన్ వీధి వెనక, మన చాపెల్ తలుపు.
తాళంచెవి మీరు చెప్పినట్టే కొంచెం పైకెత్తి తిప్పాలి,
బలం పెడితే అలుగుతుంది.

లోపల నిన్నటి చలి, మొన్నటి చలి,
వారమంతా ఎవరూ కూర్చోని బల్లల చలి.
బాయిలర్ ముందు మోకరిస్తాను.
ఇక్కడ మొదటి ప్రార్థన ఇదే అనేవారు మీరు,
నవ్వకుండా.
మీట నొక్కి ఇరవై లెక్కపెట్టాలి.
అంటుకోకపోతే మళ్ళీ ఇరవై.
మంట నీలంగా లేచినప్పుడు "స్తోత్తరం" అనేవారు,
నా దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట.
ఒత్తు ఎక్కడ పడాలో చివరిదాకా పట్టుబడలేదు మీకు.

మొదటిసారి వచ్చింది నైట్ షిఫ్టు దిగి,
చేపముక్కల ఫ్యాక్టరీ నుంచి తిన్నగా.
జుట్టులో బ్రెడ్డుపొడి.
వెనక బల్ల మీద, తలుపు పక్కన, పారిపోవడానికి వీలుగా,
వాసనొస్తుందేమోనని ముడుచుకుని కూర్చుంటే
మీరొచ్చి కుడిచెయ్యి చాపి చూపించారు.
రెండు వేళ్ళకి కొసల్లేవు.
"నలభై ఏళ్ళు రేవులో చేపలు కోశాను,
సబ్బుకి లొంగే వాసన కాదమ్మా ఇది.
ఆయన ముందుగా పిలిచింది ఈ వాసనవాళ్ళనే."

మీరు నాకు చేసిన ప్రసంగం అదొక్కటే.
మిగతావన్నీ పనులు.
తడి కప్పు బోర్లించకూడదు, ముక్కవాసన పడుతుంది.
ముసలివాళ్ళకి పాటల పుస్తకం పేజీ తీసి ఇవ్వాలి,
కళ్ళజోడు మర్చిపోయారని ఎవరికీ తెలియనివ్వకూడదు.
ఇంగ్లీషులో ప్రార్థించలేక నేను తడబడితే
"నీ గుంటూరు మాటల్లోనే కానీ.
అరవై ఏళ్ళుగా నా రేవు యాసని భరిస్తున్నాడు,
నీదెంత!"

ఒకరోజు కప్పులు తుడుస్తూ అడిగేశాను,
డోరీన్ గారి కోసం చేసిన ప్రార్థన ఏమైందని.
కుళాయి కట్టేసి చాలాసేపు నిలబడ్డారు.
"జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు."
తర్వాత, ఆ తువ్వాలు ఇలా ఇవ్వు అన్నారు.
సందేహం సైతాను పని అని వింటూ పెరిగినదాన్ని నేను.
మీరు దానికి కూడా కుర్చీ వేసి
ఒక కప్పు టీ పోశారు.

మీ అంత్యక్రియలు ఫిబ్రవరిలో. వాన అడ్డంగా కొట్టింది.
మన పదకొండుమందే అనుకున్నాను, రేవు రేవంతా వచ్చింది,
బస్సు డ్రైవర్లు కూడా.
అందరూ కోట్లు విప్పకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని,
నోట్లోంచి ఆవిరి వదులుతూ పాడారు.
రెండో చరణంలో తట్టింది నాకు,
బాయిలర్ వెలిగించడం ఎవరికీ గుర్తులేదు.
అప్పటిదాకా ఏడవలేదు నేను.

మీ బస్సు పాసు కవరులో ఒక చీటీ దొరికింది.
స్టాపుకొక పేరు.
ఆస్పత్రి దగ్గర మార్జరీ, జైలుకెళ్ళే మలుపులో మనవడు కైల్,
ఫ్యాక్టరీ గేటు దగ్గర సుగుణమణి,
స్పెల్లింగు తప్పుతో.
నైట్ షిఫ్టుల్లో నాకు నిద్ర ఎందుకు రాలేదో,
చెయ్యి మిషన్లో ఎందుకు పడలేదో
దానివల్లే అని అనను.
మీకు అలాంటి లెక్కలు నచ్చవు.

ఈవేళ ఆరుగురే.
ఆరో మనిషెవరో తెలియదు. తడి జాకెట్టు,
వెనక బల్ల, తలుపు పక్కన.
పాటలు పాడలేదు, కళ్ళు మూసుకోలేదు,
గంటసేపూ అరచెయ్యి రేడియేటర్ మీద ఆనించి
అలాగే ఉన్నాడు.
పేరు అడగలేదు. వచ్చే ఆదివారం చూద్దాం.
టీ ఇచ్చాను, తాగి వెళ్ళాడు.
ఆ కప్పు కడిగి, తుడిచి,
నోరు పైకి పెట్టాను.